హెడ్‌లైటుకు తెల్లని వెలుగు: నైట్ బ్రేకర్ బల్బు, రిలే వైరింగ్, ఎల్‌ఈడీ పార్కింగ్ లైట్లు నెల్లూరు రోడ్ల మీద వాడి చూశాక

రాత్రి ప్రయాణాలు తప్పనివాళ్లు బైకు హెడ్‌లైటు గురించి అడిగేవి రెండే: వెలుగు ఎక్కువ కావాలి, అది పసుపుగా కాక తెల్లగా ఉండాలి. తెల్లగా ఉంటే ఎక్కువ వెలుగు ఉన్నట్టే అన్న నమ్మకం అమ్మేవాళ్లలోనూ కొనేవాళ్లలోనూ గట్టిగా పాతుకుపోయింది. నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి హెడ్‌లైటు బల్బు, దానికి రెండు పక్కలా ఉండే చిన్న పార్కింగ్ లైట్ల బల్బులు మార్పించి, వైరింగు కూడా సరిచేయించి, కార్తీక మాసపు వానల్లోనూ ఆ తరువాతి ఎండల్లోనూ వాడాక ఈ సమీక్ష రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. డబ్బు పెట్టినందుకు ఫలితం నిండుగా దక్కింది. కాకపోతే ఆ ఫలితంలో పెద్ద వాటా ఖరీదైన బల్బుది కాదు, బల్బుదాకా కరెంటును తిన్నగా చేర్చిన రాగి తీగది.

నేను రొయ్యల గుంటల పనిమీద తిరిగేవాణ్ణి. గుంట నీళ్లకు గాలి పట్టించే ఏరేటరు ఆగిపోయిందని అర్ధరాత్రి కబురు వస్తే నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు వైపో, కోవూరు దాటి విడవలూరు వైపో బయలుదేరాలి. అప్పుడప్పుడూ పదహారో నంబరు జాతీయ రహదారి పట్టుకొని కావలి మీదుగా ఒంగోలు, అక్కడి నుంచి కొత్తపట్నం దాకా వెళ్లాల్సి వస్తుంది. హైవే మీద మధ్యలో డివైడరు, పక్కన తెల్ల గీత, మెరిసే పలకలు ఉంటాయి కాబట్టి మామూలు లైటుతోనైనా నెట్టుకురావచ్చు. అసలు పరీక్ష ఊళ్ల మధ్య రోడ్ల మీదే. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, రాత్రికి రాశి చేసి, మీద నల్ల పట్ట కప్పి, పట్ట ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. దూరం నుంచి కనబడనిది రాశి కాదు, ఆ రాళ్లు. రొయ్యలు ఎత్తుకుపోయే బండ్ల నుంచి కారిన ఐసు నీళ్లు తారు మీద చారలు కట్టి ఉంటాయి. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కులు, రోడ్డు మధ్యలో పడుకున్న బర్రెలు సరేసరి. చీమకుర్తి రోడ్డు మీదైతే గ్రానైటు రాళ్లు మోసే లారీల దుమ్ము. వీటిలో ఏదీ మెరిసే వస్తువు కాదు. అందుకే లైటు నాణ్యతను ఇలాంటి రోడ్ల మీదే తేల్చుకోవాలి.

నా బండికి కంపెనీ ఇచ్చింది హెచ్4 రకం హాలోజన్ బల్బు, 12 వోల్టులు, 60/55 వాట్లు. అంటే హైబీముకు 60 వాట్ల ఫిలమెంటు, లోబీముకు 55 వాట్ల ఫిలమెంటు ఒకే గాజులో ఉంటాయి. లోబీము ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఒకటి ఉంటుంది. ఆ దొప్ప కింది వైపు వెలుగును ఆపేసి, డూము (బల్బు వెనక ఉండే గిన్నెలాంటి అద్దం) పైసగానికి మాత్రమే కాంతి తగిలేలా చేస్తుంది కాబట్టే లోబీము రోడ్డు మీదికి దిగుతుంది, ఎదుటివాడి కళ్లలో పడదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 13.2 వోల్టుల దగ్గర ఈ బల్బు హైబీములో 1650 ల్యూమెన్లు (మొత్తం వెలుగుకు కొలత), లోబీములో 1000 ల్యూమెన్లు ఇవ్వాలి, 15 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. ఈ అంకెలను గుర్తుపెట్టుకుంటే బల్బుల అట్టపెట్టెల మీద ఉండే సగం మాటలకు అర్థం తెలిసిపోతుంది.

తెల్లదనం సంగతి వేరే. మామూలు హాలోజన్ కాంతి రంగు దాదాపు 3200 కెల్విన్లు (ఈ అంకె పెరిగేకొద్దీ కాంతి పసుపు నుంచి తెలుపుకు, ఆపై నీలానికి తిరుగుతుంది), అందుకే కాస్త పసుపు జీర కనిపిస్తుంది. మధ్యాహ్నపు ఎండ 5500 కెల్విన్ల చుట్టుపక్కల ఉంటుంది. హాలోజన్ ఫిలమెంటును ఎండంత తెల్లగా వేడిచేయడం కుదరదు, అంతకన్నా ముందే టంగ్‌స్టన్ కరిగిపోతుంది. అందుకని 5000 కెల్విన్లని అమ్మే ‘సూపర్ వైట్’ హాలోజన్ బల్బుల్లో కంపెనీలు చేసేదల్లా గాజుకు నీలం పూత పూయడమే. ఆ పూత పసుపు, ఎరుపు పాళ్లను మింగేసి మిగిలినదాన్ని బయటికి పంపుతుంది. అంటే మనం తెలుపును కొనుక్కుంటున్నది వెలుగును వదులుకొనే. అదే వాట్ల మామూలు బల్బు కంటే అవి రోడ్డు మీద తక్కువ వెలుగే ఇస్తాయి. దుకాణంలో గోడ మీద వేసి చూపినప్పుడు కళ్లకు జిగేల్‌మని నచ్చుతుంది గాని, మైపాడు రోడ్డు మీద తాటిచెట్ల చీకట్లో ఆ లోటు తెలిసిపోతుంది. గాజంతా నీలంగా కనిపించే బల్బును ఎవరైనా చేతిలో పెడితే తిప్పి ఇచ్చేయమని నా సలహా.

నేను వేయించింది ఓస్రామ్ కంపెనీ నైట్ బ్రేకర్ లేజర్, హెచ్4 రకం, అదే 60/55 వాట్లు. పెట్టె మీద 150 శాతం వరకు ఎక్కువ వెలుగు, 150 మీటర్ల వరకు పొడవైన బీము, 20 శాతం వరకు ఎక్కువ తెలుపు అని రాసి ఉంటుంది. పైన చెప్పిన ప్రమాణానికి లోబడే బల్బు మొత్తం వెలుగును అంతగా పెంచడం ఎలా సాధ్యమని చదివేవాళ్లకు అనుమానం రావాలి. మొత్తం వెలుగు అంతగా పెరగదు, పెరగనివ్వరు కూడా. ఆ 150 శాతం అనేది చట్టం అడిగే కనీస వెలుగుతో పోల్చి చెప్పిన లెక్క, అదీ రోడ్డు మీద కొన్ని చోట్ల మాత్రమే. ఫిలమెంటును పొందికగా, ఉండాల్సిన బిందువుకు మరింత దగ్గరగా చుట్టడం వల్ల అదే వెలుగు చిక్కబడి దూరానికి పోతుంది. గాజు మీద నీలం పూత కూడా ఉంటుంది, కానీ బీముకు ముఖ్యమైన వెలుగు వెళ్లే భాగాన్ని వదిలేసి పూస్తారు. ఇందులో మోసమేమీ లేదు. అయితే 150 అంకె చూసి రెండున్నర రెట్ల వెలుగు వస్తుందనుకొని కొనేవాళ్లకు మాత్రం నిరాశ తప్పదు.

వాడకంలో నేను చూసింది చెబుతాను. లోబీములో బండి ముందు పడే వెలుగు వెడల్పు పాత బల్బుతో ఎంతో ఇప్పుడూ అంతే. మారినదల్లా ఆ వెలుగు ముందంచు. పాత బల్బుతో అంచు మసకగా కరిగిపోయేది, ఇప్పుడు గీత గీసినట్టు తేటగా ఉంది, దాని కిందనే వెలుగు చిక్కగా ఉంది. హైబీములో మధ్యన ఉండే నిండు వెలుగు ముందుకు జరిగింది, ఊరి పొలిమేర బోర్డులు ముందుకంటే బాగా దూరం నుంచే కనిపిస్తున్నాయి. రంగు చూస్తే మామూలు బల్బు కంటే తెల్లగా ఉంది గాని నీలం ఛాయ లేదు. నాకు ఇదే బాగా నచ్చింది. మా వైపు చాలా రోడ్లకు తారు అంచున ఎర్ర గ్రావెలు ఉంటుంది. తారుకూ గ్రావెలుకూ మధ్య నాలుగు వేళ్ల ఎత్తు దిగుడు ఉన్న చోట్ల ఎదురుగా బస్సు వచ్చి పక్కకు దిగాల్సి వస్తే ఆ అంచు కనబడటమే ప్రాణం కాపాడేది. ఈ బల్బు వెలుగులో ఎర్రమట్టి ఎర్రమట్టిలాగే కనిపిస్తుంది, నల్లని తారు నుంచి విడిపడి తెలుస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. కొత్త బల్బు వేయించాలని వెళ్లినప్పుడు మద్రాసు బస్టాండు దగ్గరి ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్ పెట్టెను పక్కన పెట్టి, “బల్బుదేం లేదు సార్, దానికి కరెంటు సరింగా అందడంలా. ముందు మీటరు పెట్టి చూద్దాం” అన్నాడు. ఇంజను నడుస్తుండగా, హెడ్‌లైటు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర కొలిస్తే 13.9 వోల్టులు, హెడ్‌లైటు హోల్డరు దగ్గర కొలిస్తే 12.3. మధ్యలో పోయిన వోల్టున్నర పైచిలుకు ఇగ్నిషన్ స్విచ్చులో కొంత, హ్యాండిలు మీది డిమ్-బ్రైట్ స్విచ్చులో కొంత, సన్నని తీగలోనూ తుప్పు పట్టిన కప్లర్లలోనూ (తీగలను కలిపే జోళ్లు) మిగతాది. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజితో సమంగా తగ్గదు, అంతకు చాలా ఎక్కువగా తగ్గుతుంది. లెక్క ప్రకారం వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. నా బండిలో జరుగుతున్నదీ సరిగ్గా అదే. తలకాలువ నిండా నీళ్లున్నా మధ్యలో పూడిక ఉంటే చివరి మడికి అందనట్టు, ఎంత మంచి బల్బు తగిలించినా ఆ తీగల చివర అది అరకొరగానే వెలుగుతుంది. పైగా తక్కువ వోల్టేజిలో ఫిలమెంటు వేడెక్కదు కాబట్టి కాంతి మరింత పసుపుకు తిరుగుతుంది. తెల్లని వెలుగు కోసం వెతికేవాళ్లు ముందు చూసుకోవలసింది ఇక్కడే.

దీనికి మందు రిలే వైరింగ్. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా మందపాటి తీగ తిన్నగా హెడ్‌లైటు దగ్గరికి తెచ్చి, లోబీముకు ఒకటి, హైబీముకు ఒకటి రిలే, అంటే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, పెడతారు. హ్యాండిలు మీది స్విచ్చు ఇక బల్బుకు కరెంటు మోయదు, రిలేను లేపే పని మాత్రమే చేస్తుంది, దానికి అందులో పిసరు కరెంటు చాలు. రిలే కాళ్ల మీద అంకెలుంటాయి: 30కి బ్యాటరీ తీగ, 87 నుంచి బల్బుకు, 86కి స్విచ్చు నుంచి వచ్చేది, 85 ఎర్తుకు. ఎర్తు తీగను కూడా డూము లోపలి పాత నల్ల తీగతో సరిపెట్టకుండా బ్యాటరీ నెగటివుకే తీసుకుపోవాలి. వోల్టేజి నష్టం ఎర్తు వైపు కూడా జరుగుతుందన్న సంగతి చాలామంది మెకానిక్కులు పట్టించుకోరు. నా బండికి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ, 15 ఆంపియర్ల ఫ్యూజు, ప్లాస్టిక్ హోల్డరు బదులు సెరామిక్ హోల్డరు వేశారు. పని అయ్యాక మళ్లీ కొలిస్తే హోల్డరు దగ్గర 13.6 వోల్టులు వచ్చాయి. పాత బల్బును తీయకుండానే మొదట దానితోనే వెలిగించి చూపించమని అడిగాను. ఎదురుగా ఉన్న షట్టరు మీద పడిన వెలుగు చూసి పక్క కొట్టు అబ్బాయి కొత్త బల్బు వేసేశారనుకున్నాడు. కొత్త బల్బు తెచ్చిన మెరుగు ఆ తరువాతి మెట్టు మాత్రమే.

పనితనం గురించి రెండు మాటలు చెప్పకపోతే అన్యాయం. మాది సముద్రపు గాలి తగిలే నేల. రాగి తీగ చివర్లు పచ్చగా చిలుము పట్టడానికి ఇక్కడ ఒక వానాకాలం చాలు. గుంటల దగ్గర రాత్రంతా నిలబెట్టే బండికైతే అంతకూడా అక్కరలేదు. ఆ ఎలక్ట్రీషియన్ తీగలను మెలితిప్పి టేపు చుట్టలేదు. ప్రతి చివరకూ రాగి లగ్గు తొడిగి ప్లైయరుతో నొక్కి, దాని మీద కాస్త సీసం పోసి, వేడికి ముడుచుకునే గొట్టం ఎక్కించాడు. రిలేలను డూములో కుక్కకుండా ట్యాంకు కింద కాళ్లు నేలవైపు ఉండేలా బిగించాడు, నీళ్లు పడినా కిందికి కారిపోతాయి. బ్యాటరీ బిళ్లలకు వాజెలిన్ రాశాడు. తీగలు హ్యాండిలు తిరిగే చోట నలగకుండా ఇటు కొసకూ అటు కొసకూ హ్యాండిలు తిప్పి చూశాకే క్లిప్పులు వేశాడు. బల్బును గాజు తాకకుండా లోహపు మట్టు (అడుగుభాగం) పట్టుకొని పెట్టాడు. చేతి జిడ్డు అంటితే హాలోజన్ గాజు ఆ చోట వేడికి దెబ్బతిని ముందే పోతుంది. ఇంత శ్రద్ధగా పనిచేసేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు, అయితే వాళ్లు తళతళలాడే యాక్సెసరీల షోరూముల్లో దొరకరు.

లైటు దిశ సరిచేయడం ఖర్చు లేని పని, అయినా ఎక్కువమంది వదిలేసేది అదే. సమతలమైన నేల మీద గోడకు 25 అడుగుల దూరంలో బండిని నిలబెట్టి, మనం కూర్చొని, లోబీము వేసి చూడాలి. డూము మధ్యభాగం నేలకు ఎంత ఎత్తులో ఉందో ఆ ఎత్తుకు గోడ మీద గీత గీస్తే, వెలుగు పైఅంచు ఆ గీతకు మూడు అంగుళాల కింద పడాలి. వెనక మనిషినో, మేత బస్తానో ఎక్కించుకొని తిరిగేవాళ్లు ఆ బరువుతోనే చూసుకోవాలి, ఎందుకంటే వెనక షాకులు దిగితే ముందు లైటు లేస్తుంది. కొత్త బల్బుకు అంచు తేటగా ఉండటం వల్ల ఈ సర్దుబాటు కూడా తేలికైంది. ఎదురు వచ్చే బండ్లు ‘డిమ్ కొట్టు’ అన్నట్టు లైట్లు ఆర్పి వెలిగించడం ఆగిపోయిందంటే దిశ కుదిరినట్టే.

ఎల్‌ఈడీ గురించి రాయకుండా ఈ సమీక్ష పూర్తికాదు, అందరూ మొదట అడిగేది దాన్నే. పోల్చి చూడటానికి తెలిసినవాళ్ల దగ్గరున్న ఒక హెచ్4 ఎల్‌ఈడీ బల్బును తీసుకొచ్చి నా డూములోనే వేసి, ఇందుకూరుపేట రోడ్డు మీద తిప్పి చూశాను. ఏ కంపెనీదో చెప్పదలుచుకోలేదు, ఆ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. బండి ముందు ఇరవై అడుగుల దాకా పట్టపగల్లా ఉంటుంది, నిజమే. కానీ కంటికి దగ్గర వెలుగు ఎక్కువైన కొద్దీ దూరపు చీకటి మరింత చిక్కగా కనిపిస్తుంది. హైబీములో దూరం నా కొత్త హాలోజన్ కంటే తక్కువే వచ్చింది. కారణం డూములో ఉంది. సన్నని ఫిలమెంటు ఒక చోట ఉంటుందని లెక్కకట్టి తయారుచేసిన అద్దం అది. ఆ చోట పలక మీద అటొకటి ఇటొకటి అతికించిన చిప్పులు పెడితే వెలుగు ఎటు పడాలో అటు పడదు, లోబీములో కూడా పైకి చిమ్ముతుంది. ఎదురుగా సైకిలు మీద వస్తున్న పెద్దమనిషి నా లైటుకు చెయ్యి అడ్డం పెట్టుకొని రోడ్డు దిగి నిలబడిపోయాడు. అది చాలు నాకు, ఆ బల్బు తీసేయడానికి.

రంగు కూడా మన నేలకు నప్పలేదు. 6000 కెల్విన్ల పైబడిన ఆ తెలుపులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర గ్రావెలూ తారూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. ఇంకో రెండు ఇబ్బందులు ఈ జిల్లాలో ఉండేవాళ్లు తప్పక ఆలోచించాలి. మనకు వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. ఆ రోజుల్లో డూము లోపల చెమ్మ పడుతుంది. హాలోజన్ బల్బు వేడి ఆ చెమ్మను కాసేపట్లో ఆరగొడుతుంది, ఎల్‌ఈడీ తన వేడిని వెనక ఫ్యానుకు వదిలేస్తుంది గాని ముందు గాజును వెచ్చబరచదు. రెండోది పురుగులు. నీలం పాలు ఎక్కువున్న వెలుగుకు పురుగులు ఎక్కువ మూగుతాయి, వరి మళ్ల మధ్య రోడ్ల మీద ఆ తేడా గాజు మీదే కనిపిస్తుంది. ఇవన్నీ మార్చి అమర్చే బల్బుల గురించి చెబుతున్న మాటలు. కంపెనీయే ఎల్‌ఈడీకి తగిన అద్దంతో కట్టి ఇచ్చిన హెడ్‌లైట్లలో ఈ చిమ్ముడు ఉండదు.

వంద వాట్ల బల్బుల సంగతి పొట్టిగా చెబుతాను. 100/90 వాట్ల హెచ్4 బల్బులు మన మార్కెట్లో చాలాకాలంగా దొరుకుతున్నాయి. 60 వాట్లకు 5 ఆంపియర్లు పోయే చోట వీటికి 8 ఆంపియర్ల పైన పోతుంది. రిలే లేకుండా వేస్తే హోల్డరు కరిగి గోధుమ రంగులోకి తిరుగుతుంది, రిలే ఉన్నా డూములోని మెరుపు పూత ఆ వేడికి పొక్కిపోతుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది కాబట్టి, పట్టపగలు కూడా ఆ వంద వాట్ల భారం బ్యాటరీ, ఛార్జింగుల మీద పడుతుంది. వాహనాన్ని కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను కట్టడి చేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. 60/55 వాట్లలోనే ఇంత వెలుగు రాబట్టగలిగినప్పుడు ఆ దారి తొక్కవలసిన పనే లేదు.

పార్కింగ్ లైట్లకు వస్తే నా అభిప్రాయం పూర్తిగా తిరగబడుతుంది. ఇక్కడ ఎల్‌ఈడీయే సరైనది. నా క్లాసిక్ 350లో హెడ్‌లైటు టోపీకి అటూ ఇటూ ఉండే ఈ రెంటినీ మనవాళ్లు టైగర్ లాంపులంటారు. వీటిలో వచ్చింది పిన్ను తిప్పి బిగించే చిన్న 4 వాట్ల బల్బు. దీని పని రోడ్డును చూపించడం కాదు, మనల్ని ఇతరులకు చూపించడం. దిశ ముఖ్యం కాదు, అద్దం లెక్కలు లేవు, వెలుగు చుట్టూ చిమ్మినా నష్టం లేదు, పైగా అదే కావాలి. ఒకే సిలిండరు ఇంజను అదురుకు ఆ చిన్న ఫిలమెంట్లు తరచూ తెగిపోతుంటాయి, ఎల్‌ఈడీలో తెగడానికి ఫిలమెంటే లేదు. రెండు బల్బులకూ కలిపి 8 వాట్లు పోయే చోట ఇప్పుడు ఒకటి రెండు వాట్లతో సరిపోతుంది. హెడ్‌లైటు బల్బు దారిలో ఉన్నట్టుండి మాడిపోయినా ఎదుటి లారీకి మనం బండి మీద ఉన్నామని తెలిపేది ఈ రెండు దీపాలే.

అయితే రంగు చూసి కొనాలి. దుకాణాల్లో చేతికి మొదట వచ్చేవి మంచు తెలుపు, ఆ తరువాత నీలం. మధ్యలో కొంచెం వెచ్చని తెలుపున్న హెడ్‌లైటు, పక్కన నీలి మెరుపున్న చుక్కలు పెడితే ముందుభాగం అతుకుల బొంతలా కనిపిస్తుంది. నేను 4300 కెల్విన్ల వెచ్చని తెలుపు కోసం నాలుగు దుకాణాలు తిరగవలసి వచ్చింది, ట్రంకురోడ్డు పక్క సందులో ఒక చోట దొరికాయి. నైట్ బ్రేకర్ పక్కన అవి చక్కగా కలిసిపోయాయి. నీలం బల్బులు అసలు వద్దు. ముందువైపు నీలం, ఎరుపు దీపాలు మామూలు వాహనాలకు నిబంధనలు ఒప్పుకోవు, పోలీసు ఆపితే వాదించడానికి మన దగ్గర మాట ఉండదు. కొనేముందు బల్బును కొలతకు పాత బల్బు పక్కన పెట్టి చూసుకోవాలి. కొన్ని ఎల్‌ఈడీల తల లావుగా ఉండి చిన్న గాజు కింద పట్టదు, బలవంతంగా బిగిస్తే గాజు పగులుతుంది. హోల్డరులోని స్ప్రింగు బిళ్ల మీద చిలుము ఉంటే సన్న ఉప్పుకాగితంతో రుద్ది, వాజెలిన్ చుక్క రాసి మరీ పెట్టాలి. ఇంకో బండిలో పిన్ను లేని నొక్కుడు బల్బులుంటే, ఎల్‌ఈడీ వేసినప్పుడు వెలగకపోతే కంగారు పడనక్కరలేదు. ప్లస్సు, మైనస్సు తిరగబడి ఉంటాయి, బయటికి లాగి తిప్పి పెడితే వెలుగుతుంది.

స్ప్లెండరు, యూనికార్న్ వంటి బండ్లున్న మిత్రులు ఇదంతా తమకూ వర్తిస్తుందా అని అడుగుతున్నారు. కొంతే వర్తిస్తుంది. వాటిలో చాలావాటికి వచ్చేది హెచ్ఎస్1 అనే 35/35 వాట్ల బల్బు. చూడటానికి హెచ్4 లాగే ఉంటుంది గాని దాని మట్టు చెవులు వేరు. కొందరు మెకానిక్కులు చెవులు ఆకురాయితో అరగదీసి హెచ్4 కూర్చోబెడతారు. ఆ బండ్ల ఛార్జింగు ఆ భారానికి కట్టింది కాదు, బ్యాటరీ నెలల్లో నీరసపడుతుంది. 2017కు ముందటి చిన్న బండ్లలో అనేకం హెడ్‌లైటును బ్యాటరీ నుంచి కాక ఇంజనుతో పాటు తిరిగి కరెంటు పుట్టించే మాగ్నెటో నుంచి వచ్చే ఏసీ కరెంటుతో వెలిగిస్తాయి, అందుకే ఇంజను నెమ్మదిస్తే లైటు గుడ్డిదవుతుంది. వాటికి బ్యాటరీ రిలే పెట్టాలంటే ముందు ఛార్జింగు ఏర్పాటే మార్చాలి, ఎల్‌ఈడీ వేస్తే రెపరెపలాడుతుంది. అలాంటి బండికి మంచి కంపెనీ 35/35 బల్బు, శుభ్రమైన కప్లరు, తళుకు తగ్గని డూము, సరైన దిశ – వీటితోనే సరిపెట్టుకోవడం మేలు. పదేళ్ల నాటి డూములో పూత మసకబారి ఉంటే కొత్త డూము ఇచ్చే వెలుగు ఏ ఖరీదైన బల్బూ ఇవ్వదు.

నైట్ బ్రేకర్లో నాకు నచ్చని సంగతులూ ఉన్నాయి. వెలుగు చిక్కబరచడానికి ఫిలమెంటును ఎక్కువ వేడి మీద నడుపుతారు కాబట్టి ఈ తరగతి బల్బులన్నింటికీ ఆయుష్షు మామూలు బల్బు కంటే తక్కువ. దానికి తోడు వోల్టేజి 5 శాతం పెరిగితే హాలోజన్ బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది, రిలే వేయించుకున్నవాళ్లు ఆ మూల్యం కూడా చెల్లించాలి. పగలంతా లైటు ఆర్పలేని మన బండ్లకు ఇది చిన్న విషయం కాదు. మామూలు హెచ్4 బల్బుకు ఇది ఎన్నో రెట్ల ఖరీదు. పైగా కార్ల కోసం జతగా అమ్ముతారు, బైకుకు కావలసింది ఒకటే. నేను రెండోదాన్ని దాచుకున్నాను, కావాలంటే ఇద్దరు మిత్రులు కలిసి ఒక పెట్టె కొనుక్కోవచ్చు. నకిలీలు కూడా తిరుగుతున్నాయి కాబట్టి బల్బు లోహపు మట్టు మీద వాట్లు, వలయంలో ఇంగ్లిషు ‘ఇ’ (E) అక్షరం పక్కన అంకె, అంటే అంతర్జాతీయ ఆమోద ముద్ర, స్పష్టంగా చెక్కి ఉన్నాయో లేదో చూసి, బిల్లు అడిగి తీసుకోవాలి. ఒక దుకాణంలో బిల్లు ఇవ్వనంటే అక్కడ కొనకుండా వచ్చేశాను.

డబ్బు కొంచెమే ఉంటే వరుస ఇలా పెట్టుకోమంటాను. ముందు దిశ, డూము, కప్లర్లు చూసుకోండి. తరువాత రిలే వైరింగ్, సెరామిక్ హోల్డరు వేయించి, అందులో మంచి కంపెనీ మామూలు 60/55 బల్బే పెట్టండి. నా లెక్కలో ఎనిమిది అణాల పని అక్కడికే తెమిలిపోతుంది. పార్కింగ్ లైట్లకు వెచ్చని తెలుపు ఎల్‌ఈడీలు తక్కువలోనే వస్తాయి, వాటిని ఆపనక్కరలేదు. ఆ తరువాత కూడా రాత్రిళ్లు ఎక్కువగా తిరగాల్సిన పని ఉంటేనే నైట్ బ్రేకర్ వంటి బల్బుకు వెళ్లండి. వేయించుకున్నాక తీసిన పాత బల్బును పారేయకుండా, గాజు తాకకుండా కాగితంలో చుట్టి టూల్‌బాక్సులో ఉంచండి.